‘మార్చి చూద్దాం సార్’: బండి రోగం పట్టుకునే చదువు ఎక్కడ?

డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. బండి మామూలుగానే నడుస్తుంటుంది, కాకపోతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కొంచెం వణుకుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒకటి రెండుసార్లు దగ్గుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే కుర్రాడు స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చి, ఫోన్‌లో చూసి, ‘పి0171 వచ్చింది సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది’ అంటాడు. సెన్సర్ మారుస్తారు. లైటు ఆరుతుంది. నాలుగు రోజులకి మళ్లీ వెలుగుతుంది. ఈసారి ఇంజెక్టర్ల క్లీనింగ్. ఇంకో వారానికి ‘ఫ్యూయల్ పంప్ వీక్ అయినట్టుంది, మార్చి చూద్దాం సార్’. అప్పటికే వేలకి వేలు పోయి ఉంటాయి. చివరికి ఓపికున్న మెకానిక్ ఎవరో ఇంజన్ చుట్టూ చెయ్యి పెట్టి తడుముతుంటే, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున, మడత లోపల, గోరంత పగులు దొరుకుతుంది.

హైదరాబాద్‌లో కారున్నవాళ్లు నలుగురు కూర్చుంటే ఇలాంటి కథ ఒకటైనా వస్తుంది. తప్పంతా ఆ కుర్రాడిదని తేల్చేయడం సులభం. కానీ వాడికి స్కానర్ కొనుక్కోమని చెప్పినవాళ్లున్నారు గానీ, స్కానర్‌లో నంబరు కనిపించాక ఏం చేయాలో కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. మన దగ్గర రిపేరు చదువులో పెద్ద గుంట అక్కడే ఉంది. విప్పడం నేర్పుతాం, బిగించడం నేర్పుతాం, ఏది విప్పాలో తేల్చుకోవడం మాత్రం ఎవరికి వాళ్లు కిందామీదా పడి నేర్చుకోవాల్సిందే.

స్కానర్ చూపించిన ఆ పి0171 అనే కోడ్ సంగతే చూడండి. పెట్రోల్ ఇంజన్‌లో ఒక వంతు పెట్రోల్ సరిగ్గా కాలాలంటే బరువు లెక్కన దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్, కాలాక మిగిలిన ఆక్సిజన్‌ని చూసి బండిలోని కంప్యూటర్‌కి కబురు పెడుతుంటుంది, కంప్యూటర్ దాన్నిబట్టి పెట్రోల్ కాస్త ఎక్కువో తక్కువో పోస్తుంటుంది. పి0171 అంటే ‘పెట్రోల్ ఎంత పెంచినా సరిపోవట్లేదు, గాలే ఎక్కువగా ఉంది’ అని కంప్యూటర్ చేతులెత్తేయడం. అందులో ఆక్సిజన్ సెన్సర్ పోయిందని ఎక్కడా లేదు. చాలాసార్లు ఆ సెన్సర్ సరిగ్గా పనిచేసింది కాబట్టే సంగతి బయటపడుతుంది. దొంగ వచ్చాడని మొరిగిన కుక్కనే ఇంట్లోంచి తరిమేసినట్టు, షెడ్డులో ముందు దాన్నే పీకేశారు.

అసలు జవాబు అదే స్కానర్‌లో, ఇంకో రెండు నొక్కుల అవతల ఉంది. కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి అప్పటికప్పుడు మారేది, ఇంకోటి కొన్నాళ్ల అనుభవం మీద కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నది. రెండూ కలిపి సున్నాకి అటో ఇటో పది శాతం లోపు ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. బండి నిలబడి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆ మొత్తం ప్లస్ 22 చూపించి, యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 4కి దిగిందనుకోండి, ఎక్కడో సెన్సర్ లెక్కకి అందని దొంగగాలి లోపలికి పోతోందని అనుమానించాలి. ఎందుకంటే ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో పగులు నుంచి దూరేది పెద్ద వాటా అవుతుంది. స్పీడు పెరిగి ఇంజన్ బోలెడు గాలి పీలుస్తున్నప్పుడు ఆ పగులు వాటా లెక్కలోకి రాదు. పంప్ వీక్ అయితే దీనికి తలకిందులు. నిలబడినప్పుడు అంకె బాగానే ఉంటుంది, బండిలో ఐదుగురు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు పెరుగుతుంది.

ఈ పరీక్షకి రెండు నిమిషాలు, ఖర్చు సున్నా. కాకపోతే ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ లెక్క గాలిని తూచే సెన్సర్ ఉన్న బండ్లది. చిన్న కార్లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) ఒత్తిడి చూసి గాలి ఎంత వచ్చిందో అంచనా వేసుకుంటాయి, వాటిలో అలాంటి పగులే వేరే రకంగా బయటపడుతుంది, ఒక్కోసారి ఐడ్లింగ్ స్పీడు కొంచెం పెరిగి ఊరుకుంటుంది. అందుకే ‘ఈ కోడ్ వస్తే ఈ పార్టు’ అని వాట్సాప్‌లో తిరిగే పట్టికలు బట్టీ పడితే లాభం లేదు. ఆ బండి గాలిని ఎలా లెక్కపెడుతుందో తెలిస్తేనే అంకెకి అర్థం తెలుస్తుంది.

ఇంకో అలవాటు గురించి కాస్త కోపంగానే చెప్పుకోవాలి. స్కానర్ పెట్టగానే చాలామంది చేసే మొదటి పని కోడ్ డిలీట్ చేయడం, ‘మళ్లీ వస్తే చూద్దాం’ అని. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది, బండి ఎంత స్పీడులో ఉంది అన్నవి కంప్యూటర్ ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. డిలీట్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే శుభ్రంగా కడిగేసినట్టే.

ఇదంతా ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే విద్య ఎక్కడ నేర్చుకుంటున్నారో చూడాలి. నగరంలో మెకానిక్ పని ఇన్నాళ్లూ గురువు పక్కనే నడిచింది. ఉస్తాద్‌కి పానాలు అందిస్తూ, డీజిల్‌లో పార్టులు కడుగుతూ, టీలు తెస్తూ ఐదారేళ్లు గడిపితే పని వచ్చేది. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ‘మూడో సిలిండర్ ట్యాపెట్’ అని చెప్పగల ఉస్తాద్‌లు సికింద్రాబాద్‌లో, మలక్‌పేటలో, ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఆ విద్యని తక్కువ చేసి మాట్లాడటం తెలివితక్కువ పని. కార్బ్యురేటర్ రోజుల్లో జబ్బు కంటికి కనిపించేది, చెవికి వినిపించేది, ముక్కుకి తెలిసేది. ప్లగ్గు విప్పి దాని రంగు చూస్తే సగం కథ తెలిసిపోయేది.

తర్వాత బండి పొగకి హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) రూల్స్ మారాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్4, మధ్యలో బీఎస్5 దాటేసి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు వచ్చే పొగని కూడా లెక్కలోకి తీసుకునే రెండో దశ. ఆఫీసుకి పోయే మామూలు బైకుల్లో కూడా చాలావాటికి కార్బ్యురేటర్ పోయి, కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్ పోసే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అంటే ఆరేళ్లలో షెడ్డు ముందు నిలబడే బండి స్వభావమే మారిపోయింది, షెడ్డులో పని నేర్చుకునే పద్ధతి మాత్రం మారలేదు. ఉస్తాద్‌కే తెలియనిది పక్కనున్న కుర్రాడు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

దీనికి తోడు మన దగ్గర మెకానిక్ వేరు, ఆటో ఎలక్ట్రీషియన్ వేరు. మెకానిక్ ‘ఇది వైరింగ్ ప్రాబ్లం, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి’ అంటాడు. పక్క వీధిలో ఎలక్ట్రీషియన్ ‘కరెంటు బాగానే వస్తోంది, ఇంజన్ పని చేయించండి’ అంటాడు. మధ్యలో బండి ఓనర్ అటూ ఇటూ తిరుగుతుంటాడు. జర్మనీ ఈ గోడని 2003లోనే కూలగొట్టింది, వాహన మెకానిక్, వాహన ఎలక్ట్రీషియన్ అనే రెండు వృత్తుల్ని కలిపి మెకట్రానిక్స్ పేరుతో ఒకే శిక్షణగా మార్చింది. మన బండ్లూ ఆ దారిలోనే వెళ్లాయి, ఎటొచ్చీ షెడ్లే వెళ్లలేదు.

చదువులు లేవా అంటే ఉన్నాయి. పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ అయితే ఏడాది. పనిలో ఉన్నవాళ్లు మళ్లీ వచ్చి కొద్ది వారాలు పైస్థాయి నైపుణ్యం నేర్చుకుని వెళ్లాలన్న ఆలోచన కూడా పాతదే. 1977లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్రం అడ్వాన్స్‌డ్ వొకేషనల్ ట్రైనింగ్ స్కీమ్ మొదలుపెట్టినప్పుడు దేశంలో ఎంచుకున్న ఆరు కేంద్ర శిక్షణ సంస్థల్లో హైదరాబాద్‌ది ఒకటి, విద్యానగర్‌లో ఉంది. ఇప్పుడు దాన్ని నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అంటున్నారు. ఈ తరహా శిక్షణ ప్రధానంగా కంపెనీలు తమ పనివాళ్లని పంపిస్తే జరిగేది. ఇద్దరు పనిచేసే షెడ్డు నుంచి ఒకణ్ణి రెండు వారాలు పంపిస్తే సగం షెడ్డు మూతపడినట్టే, ఆ రెండు వారాల కూలి ఎవరిస్తారనేది ఇంకో ప్రశ్న.

2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి, రాష్ట్రంలో 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది, అంచనా వ్యయం 2,324 కోట్లు. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సు కూడా అందులో ఉంది. మంచిదే, యంత్రాలు రావాలి. కానీ ఐటీఐ వర్క్‌షాప్‌లోకి అడుగుపెట్టినవాళ్లకి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. సగానికి కోసి, నీటి దారికి నీలం, వేడి దారికి ఎరుపు రంగు పూసి, స్టాండు మీద నిలబెట్టిన ఇంజన్. పిస్టన్ ఎలా కదులుతుందో చూపించడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. అయితే ఆ ఇంజన్‌కి ఎప్పుడూ జబ్బు రాదు. దాని పక్కన రెండేళ్లు గడిపిన కుర్రాడు మొదటిసారి జబ్బుపడ్డ బండిని చూసేది బయట ఉద్యోగంలో, కస్టమర్ వాచీ చూసుకుంటుండగా.

కాబట్టి పైస్థాయి శిక్షణ అంటే ముందుగా కావాల్సింది కావాలని చెడగొట్టిన బండ్లు. దీనికో పద్ధతి ఉంది. వైరింగ్ మధ్యలో స్విచ్‌ల పెట్టె ఒకటి కలుపుతారు, ఒక స్విచ్ నొక్కితే సెన్సర్ వైరు తెగినట్టు, ఇంకోటి నొక్కితే ఎర్త్‌కి షార్ట్ అయినట్టు, మరోటి నొక్కితే మధ్యలో కరెంటుకి అడ్డు (రెసిస్టెన్స్) పెరిగినట్టు. ఇన్‌స్ట్రక్టర్ ఏది నొక్కాడో విద్యార్థికి తెలియదు. వాడు చేసిన ప్రతి పరీక్షా, వచ్చిన రీడింగూ, దాన్నుంచి ఏం అనుకున్నాడో కాగితం మీద వరుసగా రాయాలి. మార్కులు ఆ కాగితానికే. పార్టు పేరు ఊహించి కరెక్టుగా చెప్పినవాడికి సున్నా వేసే ధైర్యం ఇన్‌స్ట్రక్టర్‌కి ఉండాలి. నెలకోసారి ఏ లోపమూ పెట్టని బండిని కూడా ఇవ్వాలి, ‘దీనికేం లేదు’ అని రాయడానికి ఎంతమందికి చెయ్యి ఆడుతుందో చూడటం సరదాగా ఉంటుంది.

ఒక క్లాసు దగ్గరగా చూద్దాం. సెల్ఫ్ కొడితే ఇంజన్ నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, నిండుగా ఉన్నట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.8కి దిగింది, 9.6 కంటే కిందికి పోలేదు కాబట్టి అదీ ఫర్వాలేదు. బయట అయితే ఇక్కడ సెల్ఫ్ మోటార్ కిందికి దిగిపోతుంది, బుష్‌లు, కార్బన్లు మార్చి మళ్లీ ఎక్కిస్తారు. క్లాసులో బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ కేబుల్ చూడమంటారు. కుర్రాడు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కేబుల్ రెండు చివరలా ఆనిస్తాడు, 0.2 వస్తుంది. మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించినా అదే 0.2. అంటే కేబుల్ బాగున్నట్టే అని రాసేస్తాడు.

అక్కడే బోల్తా పడతాడు. ఇంజన్ తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. బోల్టు కింద చిలుము పట్టి ఓమ్‌లో వందో వంతు అడ్డు వచ్చిందనుకోండి, 150ని 0.01తో గుణిస్తే ఒకటిన్నర వోల్టు, అది అక్కడే వేడిగా ఆవిరైపోతోంది. ఆ వందో వంతుని మామూలు మల్టీమీటర్ చూడలేదు, దాని వైర్లకే అంతకన్నా ఎక్కువ అడ్డు ఉంది. చూడాలంటే ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి, మీటర్‌ని వోల్టుల్లో ఉంచి, పక్కవాణ్ణి సెల్ఫ్ కొట్టమనాలి. ఇక్కడ 0.2 దాటితే అనుమానించాలి. ఒకటిన్నర కనిపిస్తుంది. ఒక పానా, కాస్త ఉప్పుకాగితం, పదిహేను నిమిషాల పని. కరెంటు పారుతున్నప్పుడే వైరుని పరీక్షించాలన్న ఈ ఒక్క సంగతి వంటబట్టినవాడు ఆ తర్వాత హెడ్‌లైట్ డిమ్ముగా వెలిగినా, పంప్ నెమ్మదిగా తిరిగినా, ఫ్యాన్ ఆగిపోయినా ఇదే దారిలో వెళ్తాడు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. షెడ్లలో వైరింగ్ జబ్బులకి పేర్లు రెండే. ‘వైర్ కట్’ అయింది, లేదా ‘షార్ట్’ అయింది. తెగకుండా, అంటుకోకుండా, దారి మధ్యలో ఇరుకై కరెంటు నీరసపడటం అనే మూడో జబ్బుకి జనం నోట్లో పేరు లేదు. పేరు లేనిదాన్ని ఎవరూ వెతకరు. 2020 అక్టోబర్ వరదలకి నగరంలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. అలా మునిగిన బండికి మూడో జబ్బు పట్టడం చాలా మామూలు, కనెక్టర్ల లోపల పచ్చగా చిలుము పెరిగి నెలల తర్వాత ఎక్కడెక్కడో బయటపడుతుంది. వైరింగ్ డయాగ్రమ్‌లు, సర్వీస్ మాన్యువల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి, షెడ్డులో నడిచేది తెలుగు, ఉర్దూ, హిందీ కలిసిన మాట. క్లాసు కూడా ఆ మాటలోనే జరగాలి, డయాగ్రమ్ చదవడానికి కావాల్సిన వంద ఇంగ్లిష్ మాటలు మాత్రం విడిగా నేర్పితే చాలు. మొత్తం ఇంగ్లిష్ వచ్చాకే డయాగ్నసిస్ అంటే ఆ కుర్రాడు రెండో రోజు నుంచి రాడు.

ఎలక్ట్రానిక్స్ వచ్చాయని మెకానికల్ జబ్బులు ఎక్కడికీ పోలేదు. బండి మిస్సింగ్ కొడుతోంది, స్కానర్ పి0301 అంటోంది, అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా పేలడం లేదు. ప్లగ్గు మార్చారు, దానికి కరెంటు పంపే కాయిల్ మార్చారు, అయినా అంతే. కాయిల్‌ని రెండో సిలిండర్‌కి మార్చి పెట్టి కోడ్ పి0302కి మారుతుందా అని చూస్తే ఒక్క రూపాయి లేకుండా కాయిల్ సంగతి తేలిపోయేది, అది వేరే విషయం. అప్పుడు చేయాల్సింది సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష. మిగతా మూడు సిలిండర్లలో 12 బార్ వచ్చి దీనిలో 7 వచ్చిందనుకోండి. సిలిండర్‌లోకి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఒత్తిడి బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానం, ఆయిల్ ఆ సందు పూడ్చింది కాబట్టి. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి.

ఇంకా నమ్మకంగా తెలియాలంటే లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉండగా ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి చెవి పెట్టి వినడమే. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్ నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ మూత తీస్తే గాలి కొడుతుంటే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్, లేదా హెడ్డే పగిలి ఉండొచ్చు. ఇంజన్ విప్పకముందే ఏ ముక్క విప్పాలో తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్న ఉస్తాద్‌ని ఈ క్లాసుకి తీసుకొస్తే డిగ్రీ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కన్నా బాగా చెబుతాడు, అతనికి గాలి మాట ఎప్పుడో తెలుసు.

చప్పుళ్ల విషయంలోనూ అంతే. క్లచ్ తొక్కినప్పుడు వచ్చే మోత వేరు, తొక్కగానే ఆగిపోయే మోత వేరు. మొదటిది ఎక్కువగా రిలీజ్ బేరింగ్, రెండోది గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వంపు తిరుగుతుంటే ‘టక్ టక్’ మంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. న్యూట్రల్‌లో వేసి బండిని దొర్లనిస్తే కూడా ఊళ వస్తుంటే దానికి ఇంజన్‌తో సంబంధం లేదు, టైర్లా, వీల్ బేరింగా అన్నది చూసుకోవాలి.

అన్నిటికన్నా కష్టం, అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బు. మే నెల మధ్యాహ్నం, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనక హారన్ల మోత. ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ముప్పావుగంటకి వస్తాడు, వచ్చి తాళం తిప్పితే మొదటి దెబ్బకే స్టార్ట్. ‘ఏం లేదు సార్, బాగానే ఉంది’. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ వేడెక్కినప్పుడు చచ్చిపోయి, చల్లారాక బతికే జబ్బు ఇలాగే ఉంటుంది. దీన్ని పట్టుకోవాలంటే జబ్బు ఉన్నప్పుడే చూడాలి, లేదా జబ్బుని రప్పించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తోందా అన్నది మొదటి ఆధారం. షెడ్డులో హెయిర్ డ్రయర్‌తో సెన్సర్‌ని వేడిచేసి చూడటం రెండోది. వీటికన్నా ముందు కస్టమర్‌ని అడగడం ఉంది: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా, ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది? డాక్టర్ అడిగినట్టు అడగాలి. ఏ కోర్సు సిలబస్‌లో అయినా దీనికి రెండు పీరియడ్లు దొరికితే గొప్పే.

ఇప్పటిదాకా ‘మార్చి చూద్దాం’ ఎలాగో నడిచింది, ఎందుకంటే రాణీగంజ్‌లో పార్టు దొరుకుతుంది, కంపెనీ మాల్ కాకపోతే డూప్లికేట్ మాల్, అదీ కాకపోతే సెకండ్ మాల్. ఎలక్ట్రిక్ బండ్లతో ఈ పప్పులు ఉడకవు. కారులో బ్యాటరీ ప్యాక్ ధర లక్షల్లో ఉంటుంది, మార్చి చూసే వస్తువు కాదు. పైగా 300, 400 వోల్టులు. నారింజ రంగు కేబుల్స్ ముట్టుకునే ముందు బ్యాటరీ ప్యాక్ కరెంటు దారిని తెంపే సర్వీస్ ప్లగ్ తీయాలి, లోపల దాగిన కరెంటు దిగడానికి కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి, వెయ్యి వోల్టుల గ్లౌజులు వేసుకోవాలి, మీటర్‌ని ముందు పనిచేసే బ్యాటరీ మీద చూసి, తర్వాత కేబుల్ మీద సున్నా చూసి, మళ్లీ అదే బ్యాటరీ మీద చూడాలి, ఆ సున్నా మీటర్ చెడిపోవడం వల్ల రాలేదని తేల్చుకోవడానికి. ఇందులో ఉస్తాద్ చూపించాడు కదా అని చేసేదేమీ ఉండదు, తప్పు జరిగితే రెండోసారి నేర్చుకునే అవకాశం ఉండకపోవచ్చు.

అయితే శిక్షణ ఎంత బాగున్నా షెడ్డులో నిలబడాలంటే డబ్బు లెక్క కుదరాలి, అసలు చిక్కు ఇదే. గంటసేపు మీటర్ పట్టుకుని చిలుము పట్టిన బోల్టు కనిపెట్టిన మెకానిక్ ఎంత అడగగలడు? ‘బోల్టు బిగించినందుకు ఎనిమిది వందలా’ అంటాం. అదే మెకానిక్ పనికొచ్చే సెల్ఫ్ మోటార్ పక్కన పడేసి ఆరువేల మోటార్ వేస్తే, పార్టు మీద మార్జిన్ వస్తుంది, లేబర్ వస్తుంది, పాత మోటార్ కూడా అమ్ముకోవచ్చు, మనం మారు మాట్లాడకుండా ఇస్తాం. కనిపెట్టినవాడికి నష్టం, మార్చినవాడికి లాభం వచ్చేలా బేరం పెట్టింది కస్టమర్లే. డాక్టర్ దగ్గర పరీక్షలకి వేలు కట్టి, రిపోర్టులో ఏమీ లేదంటే హమ్మయ్య అనుకునే మనిషే షెడ్డు దగ్గర చెకింగ్ చార్జీ అంటే కొట్లాటకి దిగుతాడు.

సమాచారం దొరక్కపోవడం కూడా మెకానిక్ తప్పు కాదు. ఒరిజినల్ స్పేర్లు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి షెడ్లకి అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఏకంగా 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది, కేసు అప్పీళ్లలోకి వెళ్లింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం రిపేరు సమాచారం ఒకచోట దొరికేలా రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉండే వైరింగ్ డయాగ్రమ్ వీధి చివరి షెడ్డులో కూడా సులభంగా తెరుచుకునేదాకా శిక్షణ సగమే పనిచేస్తుంది.

సర్టిఫికెట్ విషయంలో అమెరికా పద్ధతి ఒకటి మనకి పనికొస్తుంది. అక్కడ 1972లో మొదలైన ఏఎస్ఈ అనే సంస్థ మెకానిక్‌లకి పరీక్ష పెడుతుంది, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లదు, ఐదేళ్లకోసారి మళ్లీ నిరూపించుకోవాలి. ఇంజన్ డయాగ్నసిస్‌కి ఎల్1 అని విడిగా పైస్థాయి పరీక్ష ఉంది, అది రావాలంటే ఇంజన్ పనితీరు మీద మామూలు పరీక్ష ముందే పాసై ఉండాలి. మన దగ్గర ఇరవై ఏళ్ల కిందటి ఐటీఐ సర్టిఫికెట్‌కీ నిన్నటి సర్టిఫికెట్‌కీ విలువ ఒకటే, ఏదీ లేని ఉస్తాద్‌కి తన పనితనం కాగితం మీద చూపించుకునే దారి దొరకడం కష్టమే. సాయంత్రం పూట, షెడ్డు కట్టేశాక, వారానికి రెండు రోజులు, ఆరు నెలల పాటు జరిగే క్లాసు, చివర్లో చెడగొట్టిన బండి మీద పరీక్ష. కూలి పోకుండా నేర్చుకోవాలంటే ఇంతకన్నా దారి కనిపించదు.

షెడ్డు బిల్లు పుస్తకంలో ఇప్పుడు ఉండేవి రెండే గడులు, పార్టులకొకటి, లేబర్‌కొకటి. పరీక్షకి మూడో గడి గీసి, అందులో 0.2 రావాల్సిన చోట 1.5 వచ్చిందని రీడింగ్ రాసి, దానికి ఎనిమిది వందలు వేసి, ఆ కాగితాన్ని కస్టమర్ చేతిలో పెట్టగలిగిన ఓనర్‌కే కుర్రాణ్ణి ఆ సాయంత్రం క్లాసుకి పంపడం గిట్టుబాటవుతుంది.